జంషెడ్‌పూర్‌లో మణి గోరింట

మా చెల్లెలు నరసమ్మ జంషెడ్‌పూర్‌లో కాపురం పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె మొగుడు సూర్నారాయణకి అక్కడి ఉక్కు కంపెనీలో కొలిమి దగ్గర పని. అగ్రికో కాలనీలో క్వార్టరు ఇచ్చారు. ఇన్నేళ్లలో వాళ్లే మా పలాస వచ్చిపోయేవారు గాని నేను అటు వెళ్లింది లేదు. వాళ్ల పెద్దకూతురు మణికి పెళ్లి కుదిరినప్పుడు నరసమ్మ ఉత్తరం రాసింది. "అప్పా, నువ్వు రాక తప్పదు. వచ్చేటప్పుడు మన పెరట్లో గోరింటాకు పట్రా. ఇక్కడ అంతా పొడే. మీ మరిదికి అరికాళ్లు మండిపోతున్నాయి. మా అత్తగారు ఆకు గోరింట, ఆకు గోరింట అని ఒకటే గోల" అని.

వైశాఖం ఎండల్లో గోరింటాకుని రాత్రంతా, మళ్లీ పగలు సగం దాకా రైల్లో బతికించడం ఎలాగన్నది నా మొదటి సమస్య. ఆకు దూసి మూట కడితే లోపల కాక పుట్టి తెల్లారేసరికి నల్లబడిపోతుంది. అందుకని కొమ్మలతోనే కోశాను. వెదురుబుట్ట అడుగున అరటాకు పరిచి, కొమ్మల్ని వదులుగా సర్ది, మీద తడిపిన పాత పంచె కప్పాను. మా ఆయన ఆ బుట్ట చూసి, "పెళ్లికెల్తన్నావా, మేకలు కాయడానికెల్తన్నావా?" అన్నాడు.

పలాసలో హౌరా వెళ్లే బండి సాయంత్రం ఎక్కాను. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. బుట్ట బల్ల కింద పెట్టాను. బరంపురంలో ఒక ఒడియా ఆవిడ ఎక్కింది. కూర్చున్న కాసేపటికి ముక్కు ఎగబీల్చి, వంగి, నన్ను అడక్కుండానే పంచె ఎత్తి చూసింది.

"మంజుఆతి" అంది. గోరింటని వాళ్లు అలా అంటారట. బరంపురం మనిషి కాబట్టి తెలుగు బాగానే వచ్చు. "ఇంత తడి ఎందుకు పెట్టారు? నీళ్లు కాదమ్మా దానికి, గాలి కావాలి. కింద పెడితే ఉడికిపోతుంది."

తనే బుట్ట పైకి తీసి, కిటికీ ఊచలకి ఆనించి, మా ఇద్దరి మధ్యా పెట్టింది. ఆమె ఒళ్లు సగం బల్ల బయటికి జరిగిపోయినా పట్టించుకోలేదు. ఆడపిల్లలు ఉయ్యాలలూగే రజో పండక్కి తామూ గోరింట పెట్టుకుంటామని, పాదాలకు మాత్రం పారాణి రంగే వాడతామని చెప్పింది. కటక్‌లో దిగేటప్పుడు ఒక రెమ్మ తుంచుకుని, "ఇది టికెట్టు" అని నవ్వి వెళ్లిపోయింది. ఆకు మోసుకెళ్లేవాళ్లెవరైనా ఆమె మాట గుర్తుపెట్టుకోండి. నాకది బాగా పనికొచ్చింది.

తెలతెలవారుతుంటే ఖరగ్‌పూర్. అక్కడ బండి మారాలి. ఆ ప్లాట్‌ఫారం పొడుగు గురించి అందరూ చెబుతారు. బుట్ట నెత్తిన పెట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరికి నడిస్తే తప్ప అదెంతో తెలియదు. ఆకు దొప్పలో పూరీలు, బంగాళాదుంప కూర తిన్నాను. కూరలో పంచదార వేసినట్టు తియ్యగా ఉంది. రెండో దొప్ప కూడా తీసుకున్నాను.

టాటానగర్ వెళ్లే పాసింజరు ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది. ఝార్‌గ్రామ్ దాటాక సాలవనాలు మొదలయ్యాయి, మట్టి ఎర్రబడింది. నా ఎదుట ఒక తెలుగు రైల్వే మనిషి కూర్చున్నాడు. చీపురుపల్లి వాడు, టాటానగర్‌లో పట్టాల మీద పని. నాది పలాస అని వినగానే, "పలాసోలు లేని వీధి టాటాలో నేదమ్మా. ఏ తలుపు కొట్టినా జీడిపప్పే" అన్నాడు. కాసేపాగి జాగ్రత్త కూడా చెప్పాడు. "మీరు పిల్లల్ని తెలుగులో అడగండి. ఆళ్లు హిందీలో సెప్తారు. కంగారు పడకండి. రెండ్రోజులు పోతే మీకూ తెలిసిపోద్ది, ఆళ్లకీ తెలిసిపోద్ది."

పదకొండు గంటలకు దిగాను. సూర్నారాయణ స్టేషనుకి వచ్చాడు. సాక్చీ దాకా టెంపోలో ఇరుక్కుని, అక్కణ్ణించి రిక్షాలో అగ్రికో చేరాం. వరసగా ఒకేలాంటి క్వార్టర్లు, ముందు చిన్న చిన్న దొడ్లు. మా చెల్లెలి ఇల్లెక్కడని వెతకనక్కర్లేకపోయింది. వాకిట్లో పందిరి వేస్తున్నారు. గడపలో సూర్నారాయణ తల్లి అప్పయ్యమ్మత్త కూర్చుని ఉంది. ఎనభై దగ్గర పడిన మనిషి. నన్ను పలకరించక ముందే బుట్ట దించమంది. పంచె తీసి, ఒక ఆకు గిల్లి, వేళ్లమధ్య నలిపి వాసన చూసింది.

"ఆకు బతికొచ్చింది. నువ్వూ బతికొచ్చినావు. కూకో" అంది.

భోజనాలయ్యాక మణి నా పక్కన చేరింది. చెల్లెలి పిల్లల్లో నాకు దగ్గరైనది ఇదే. టైపు నేర్చుకుంది, సైకిల్ తొక్కుతుంది, హిందీలో గలగలా మాట్లాడుతుంది. తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. నేను గోరింట నూరతానంటే నెమ్మదిగా నా చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, బురా మత్ మాన్నా. ఏమీ అనుకోకు. నాకు రేపు మెహందీ ఆవిడ వత్తంది. సరోజ దీదీ పంపిస్తన్నారు."

సరోజ అంటే పెళ్లికొడుకు అక్క. వాళ్లది పర్సుడీహ్. తెలుగువాళ్లే. పెళ్లికొడుకు రవణకి రైల్వేలో ఉద్యోగం. తల్లి చిన్నప్పుడే పోతే ఈ అక్కే పెంచింది. పెళ్లయినా తమ్ముణ్ణి విడిచి ఉండలేక, మొగుడితో సహా ఆ ఇంట్లోనే ఉంది. మణి పెళ్లయ్యాక బతకబోయేది ఆమె చేతికిందే. మెహందీ ఆమె ఇస్తున్న మొదటి కానుక. అందులో ఒక ఆట కూడా ఉందట. అరచేతిలో పూల మధ్య ఎక్కడో పెళ్లికొడుకు పేరు కనబడకుండా రాయిస్తారు. పెళ్లయ్యాక అతను దాన్ని వెతికి పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే పెళ్లికూతురు ఏం అడిగితే అది ఇవ్వాలి. ఇక్కడి బిహారీ, మార్వాడీ ఇళ్లలో చూసి మనవాళ్లూ నేర్చుకున్నారు. సరోజ తమ్ముడితో పందెం కాసి, ఆ సంగతి రైల్వే కాలనీ అంతా చెప్పుకుందట. ఎల్లుండి పొద్దున్న తనే స్వయంగా చేతులు చూడ్డానికి వస్తానంది.

"దీదీకి నచ్చాలి పెద్దమ్మా" అంది మణి. "ఆవిడకి నేను దేహాతీలా కనపడకూడదు." పల్లెటూరిదానిలా అని దాని అర్థం.

సరే, నా ఆకు మిగతావాళ్లకి పనికొస్తుందిలే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న ఇంత చింతపండు వేసి రోట్లో నూరి పెట్టాను. సూర్నారాయణ రెండో షిఫ్టు చేసి వచ్చాక ఆ ముద్ద అరికాళ్లకి పట్టించుకుని, పాత మేజోళ్లు తొడుక్కుని పడుకుంటాడట. కొలిమి దగ్గర పనిచేసే తెలుగువాళ్లు చాలామంది అంతేనట. నాకు నవ్వొచ్చింది.

"నవ్వకు వదినా" అన్నాడు. "బూట్లిప్పితే మేవందరం పెళ్లికూతుళ్లమే."

మెహందీ ఆవిడ మధ్యాహ్నం వచ్చింది. పేరు జుబేదా. భాలుబాసాలో ఉంటుంది. నలభై ఏళ్లుంటాయి. నేను పక్కనే చతికిలబడి చివరిదాకా చూశాను. మన పద్ధతికీ ఆమె పద్ధతికీ ఎక్కడా పోలిక లేదు. ఎండబెట్టి దంచిన పొడిని పల్చటి చున్నీలోంచి మూడుసార్లు జల్లించి తెచ్చింది. చల్లారిన టీ డికాక్షను, నిమ్మరసం పోసి ఆ పొడిని ముందురోజు రాత్రే నానబెట్టిందట. అందులో నీలగిరి తైలం నాలుగు చుక్కలు వేసింది. సన్నటి ప్లాస్టిక్ కాగితాన్ని పొట్లంలా చుట్టి, ముద్దని నింపి, కొసన సూదిమొనంత కన్నం పెట్టింది. మణి చేతులు సబ్బుతో కడిగించి, నూనె జిడ్డు లేకుండా తుడిచింది. గీయడానికి ముందు మణికట్టు లోపలివైపు ఒక చుక్క పెట్టి, ఆ చుక్క ఎండేదాకా మాతో కబుర్లు చెబుతూ కూర్చుంది. ఎందుకని మణి చేత అడిగించాను. కొందరి చర్మానికి పడదని, బజారులో తొందరగా నల్లగా పండటానికి జుట్టు రంగు కలుపుతారని, దానివల్ల బొబ్బలెక్కిన చేతులు తాను చూసిందని చెప్పింది. తను అది ముట్టనంది.

అలా చెబుతూ నా వేళ్ల వంక చూసింది. జీడిపిక్కలు కొట్టే చేతులు నావి. ఆ రసం తగిలి తగిలి వేళ్ల చివర్లు నల్లబడి, పగుళ్లు తీసి ఉంటాయి. నా చెయ్యి తీసుకుని తిప్పి చూసి, తల అడ్డంగా ఊపింది. పగిలిన చోట పెట్టనంది. "మా ఊళ్లో పుండుకి కూడా పెడతాం, సలవ సేత్తాదని" అన్నాను. మణి ఆ మాట హిందీలో చెబితే, జుబేదా నా వేళ్లు వదిలేసి మణికట్టు మీద చిన్న పువ్వు గీసింది. "ఇది ఫీజు లేనిది" అందట.

ఆమె గీస్తుంటే గీత ఆగదు. చెయ్యి ఎత్తకుండా తీగ, తీగ నించి ఆకు, ఆకు పక్కన మామిడిపిందె. మణి కుడి అరచేతిలో ఒక పెద్ద పువ్వు వేసి, దాని రేకుల మధ్య హిందీలో పేరు ఇరికించింది. పక్కన కూర్చుని చూస్తున్న నాకే రెప్ప వాల్చి చూసేసరికి అది ఎక్కడికి పోయిందో తెలియలేదు. అప్పయ్యమ్మత్త కూడా వచ్చి కళ్లు చికిలించి చూసింది. ఆమెకి నచ్చినట్టు లేదు. "మద్దెన అంతా తెల్లగా ఉండిపోనాదేటి?" అంది. మేమంతా పొట్లం కొస వైపే చూస్తున్నాం.

వెళ్లేముందు జుబేదా జాగ్రత్తలు చెప్పింది. ఎండుతున్నప్పుడు నిమ్మరసంలో పంచదార కలిపి దూదితో అద్దాలి. అప్పుడది ఊడిపోకుండా అంటుకుని ఉంటుంది. పొద్దున్న నీళ్లతో కడక్కూడదు, వేలితో గీకి రాల్చేయాలి. ఆవనూనె రాయాలి. మొదటి రోజు నారింజ రంగే ఉంటుంది, చూసి దిగులు పడొద్దు, రెండో రోజుకి ముదురుతుంది. ఆడపిల్లలున్న వాళ్లకి ఉపయోగపడతాయని ఇవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నాలుగింటికి నరసమ్మ, నేను గాజులు కొనడానికి సాక్చీ బజారుకు వెళ్లాం. మణి వెనక గదిలో మంచం మీద అరచేతులు పైకి పెట్టి వెల్లకిలా పడుకుంది. నాలుగు రోజుల్నించి సరిగ్గా నిద్రలేని పిల్ల. మేం గడప దాటకముందే నిద్రపోయింది.

దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాం. మణి ఇంకా నిద్రలోనే ఉంది. కాని దాని అరచేతులు పైకి లేవు. రెండూ పిడికిళ్లు ముడిచి, గుప్పిళ్ల మీద ఆకులు చుట్టి, పాత చీరపేలికలతో గట్టిగా కట్టి ఉన్నాయి. చూడగానే నాకు అంతా తెలిసిపోయింది. మా ఊళ్లో పిల్లలకి గోరింట పెట్టేదే అలా. నిద్రపోయాక అరచెయ్యి నిండా ముద్ద పెట్టి, గుప్పిట మూసి, కట్టేసి వదిలేస్తాం. తెల్లారి విప్పితే చెయ్యంతా ఎర్రగా పండి ఉంటుంది. నేనూ అలాగే పెరిగాను, నరసమ్మా అలాగే పెరిగింది.

అప్పయ్యమ్మత్త మంచం కాళ్ల దగ్గర కూర్చుని విసనకర్రతో మనవరాలికి విసురుతోంది. చేతులకి పచ్చటి మరకలు. నేను నూరి పెట్టిన ముద్ద గిన్నె ఖాళీగా ఉంది.

"డబ్బులు తీసుకుని సగం సెయ్యే పెట్టీసి ఎల్లిపోనాది" అంది మాతో. "ఎండిపోయి రాలిపోతంది కూడా. నేను సందులన్నీ నింపి కట్టినాను. ఇప్పుడు పండుతాది సూడండి."

నరసమ్మ అక్కడే కూలబడింది. మణిని లేపి, కట్లు విప్పి, ఆకులు తీశాం. పిడికిలి విప్పితే లోపల అంతా కలిసిపోయి ఒకే ముద్ద. తుడిచేశాక అరచేతులు రెండూ ఈ చివరినించి ఆ చివరిదాకా ఒకటే నారింజ. పువ్వు లేదు, తీగ లేదు, పేరు లేదు.

"మామ్మా, యే క్యా కియా?" అంది మణి. ఏం చేశావని. గొంతు పెద్దది చేయలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటివంకే చూస్తూ ఏడ్చింది. "కల్ సుబహ్ దీదీ ఆయేంగీ. పొద్దున్నే వత్తారు. నేనేటి చెప్పను పెద్దమ్మా? ఆవిడిచ్చిన మొదటిదే ఇలా చేశానంటారు."

"ఆవిడొత్తే నాను సెప్తాను" అంది అప్పయ్యమ్మత్త. ఏదో తప్పు జరిగిందని మా ముఖాలు చూసి ఆమెకి అప్పుడప్పుడే తెలుస్తోంది. ఆ తప్పేమిటో మాత్రం తెలియడం లేదు.

పొద్దున్న తొమ్మిదికి సరోజ వచ్చింది. చేతిలో మిఠాయి పొట్లం, వెనక కాలనీ ఆడవాళ్లు ఇద్దరు. గట్టి మనిషి. నవ్వితే గది నిండిపోతుంది. మణి చేతులు పమిట కింద దాచుకుని కూర్చుంది. సరోజ వచ్చి, పమిట తొలగించి, పిడికిళ్లు తనే విప్పింది. రాత్రంతా గడిచేసరికి రంగు ముదిరింది. అరచేతులు రెండూ దానిమ్మ గింజల్లా ఉన్నాయి. మా ఊళ్లో అయితే దిష్టి తీసేవాళ్లు.

సరోజ ఆ ఎరుపుని బొటనవేలితో రుద్ది చూసింది.

"ఇదేటండీ, సెయ్యి రంగు డబ్బాలో ముంచీసారా?" అంది.

అప్పయ్యమ్మత్త ముందుకు వచ్చింది. "రంగు కాదమ్మా, పలాస ఆకు. నానే పెట్టినాను. నువ్వంపిన మనిషి సగం ఒగ్గీసింది. తల్లిలేని పిల్లాడికి పిల్లనిత్తన్నాం. అరసెయ్యి నిండా పండకపోతే ఎలాగ?"

వెనక ఉన్న ఆడవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరోజ మణి అరచెయ్యి కిటికీ వైపు తిప్పి చూసింది. "మరి మా వోడి పేరో? కాలనీ అంతా సెప్పుకున్నాను. రేపు ఆడు ఏటి ఎతుకుతాడు?"

మణి తల ఎత్తలేదు. దాని మీద కోపం లేదని చెప్పడానికో ఏమో, సరోజ ఆ చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని, తనతో వచ్చిన ఆడవాళ్లలో ఒకామెని జుబేదా కోసం పంపించింది.

జుబేదా వచ్చి చూసింది. మొదట నవ్వింది. తర్వాత అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పచ్చి ఆకా అని అడిగింది. చిన్నప్పుడు తన తల్లి ఆకే నూరేదని, ఈ వాసన చూసి ఎన్నేళ్లయిందోనని అంది. తర్వాత మణి చెయ్యి వెలుగులో అటూ ఇటూ తిప్పింది. జాగ్రత్తగా చూస్తే ఎరుపులో ఇంకాస్త ముదురు గీతలు మసగ్గా తెలుస్తున్నాయి. పేరు కోసం ఆమె కూడా వెతికింది. రాసింది తనే అయినా దొరకలేదు.

ఎరుపు మీద ఎరుపు గీస్తే కనబడదని, మళ్లీ గీయాలంటే చేతుల వెనకవైపే మిగిలిందని చెప్పింది. వెనకవైపు చర్మం పల్చన కాబట్టి అంతగా పండదు. ఎక్కువసేపు ఉంచి, లవంగాల పొగ పట్టాలి. పెళ్లి రేపు పొద్దున్నే కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలంది. సరోజ ఒప్పుకుంది. "కాని పేరుండాలి" అంది.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. అరచేతిలో పేరుంటే గుప్పిట మూస్తే దాగుతుంది. చెయ్యి వెనక హిందీలో పేరు రాస్తే పెళ్లికొచ్చిన ప్రతివాడూ చదువుతాడు. మన ఇళ్లల్లో ఆడది మొగుడి పేరు నోటితో అనదు. అలాంటిది చేతిమీద రాయించుకుని పీటల మీద కూర్చుంటుందా? నరసమ్మ వద్దంది. అప్పయ్యమ్మత్త చెవులు మూసుకుంది. సరోజ మాత్రం పేరు లేకపోతే ఇదంతా ఎందుకంది. మణి ఇద్దరి మధ్యా కూర్చుని ఎవరివైపూ చూడటం లేదు.

నాకు అప్పుడు తోచింది. "తెలుగులో రాద్దాం" అన్నాను. "ఇక్కడి పిల్లలెవరికీ చదవడం రాదు గదా."

సరోజ కళ్లు పెద్దవి చేసింది. తనూ హిందీ బడిలోనే చదివిందట. "తెలుగులో రాత్తే ఆడికేటి, నాకే దొరకదు" అని నవ్వడం మొదలుపెట్టింది. గది నిండిపోయింది.

జుబేదాకి తెలుగు అక్షరాలు ఎలా ఉంటాయో తెలియదు. నరసమ్మ చేటలో బియ్యం పోసి తెచ్చింది. మా ఊరి రాత్రిబడిలో, జుట్టు నెరిశాక, నేను ఇసకలో దిద్ది నేర్చుకున్నట్టే బియ్యంలో వేలితో దిద్దాను. ర, వ, ణ. మూడూ గుండ్రాలే. జుబేదా చాలాసేపు చూసింది. తలకట్టుని వేలితో చూపించి ఇదేమిటని అడిగింది. మొదటి రెండు అక్షరాల నెత్తినా ఉంటుందని, మూడోదానికి ఉండదని చెప్పించాను. "తబ్ తో పత్తీ హై" అంది. అయితే ఆకేనన్నమాట. మణికట్టు నించి మధ్యవేలి దాకా ఒక తీగ పాకించి, అందులో మూడు మొగ్గలు పెట్టి, మొదటి రెండు మొగ్గల నెత్తినా రెండేసి ఆకులు తొడిగింది. చూస్తున్న నేనే నమ్మలేకపోయాను. చదవడం వచ్చినవాళ్లకి పేరు, రానివాళ్లకి తీగ.

ఎండేదాకా మణి కదలకుండా కూర్చోవాలి. నేను పక్కన కూర్చుని దూదితో నిమ్మరసం అద్దుతూ ఉన్నాను. దానికేమీ తోచక, "పెద్దమ్మా, ఇందులో మొదటిది ఏది?" అని అడిగింది. చూపించాను. తర్వాతది, ఆ తర్వాతది. తర్వాత చేటలో ఇంకో అక్షరం రాసి ఇందులో ఉందా అని అడిగితే లేదని చెప్పింది. మధ్యాహ్నానికి మూడూ కళ్లు మూసుకుని చెప్పగలిగింది. ఆ రోజు గుమ్మం దగ్గర నరసమ్మ కాపలా కూర్చుంది. అప్పయ్యమ్మత్త వచ్చినప్పుడల్లా మణి రెండు చేతులూ పైకెత్తేది. "ముట్టనులేవే. బందిపోటుని సూసినట్టు సూత్తావేటి" అనేది ముసలమ్మ.

పెళ్లి బాగా జరిగింది. లోపల అరచేతులు దానిమ్మరంగు, పైన సన్నటి తీగలు. మార్వాడీ ఇంటి నించి వచ్చిన ఒకావిడ ఇది ఏ ఊరి పద్ధతని అడిగితే, సరోజ తడుముకోకుండా, "హమారా హై. మా శ్రీకాకుళపోళ్లది" అని చెప్పింది. అప్పయ్యమ్మత్త పక్కనే ఉండి తల ఊపింది.

అందరి గురించీ ఆలోచించాం గాని పంతులుగారిని మర్చిపోయాం. ఆయన బొబ్బిలి వైపు మనిషి. పెళ్లికూతురి చెయ్యి పెళ్లికొడుకు చేతిలో పెట్టేటప్పుడు మంత్రం మధ్యలో ఆగి, కళ్లజోడు సవరించుకుని చూశారు.

"అబ్బాయి పేరు బాగా పండిందమ్మా" అన్నారు.

రవణ ఉలిక్కిపడి ఆ చెయ్యి చూశాడు. మణి తల ఇంకా వంచేసుకుంది. పంతులుగారు మంత్రం అందుకున్నారు. అప్పట్నించి తాళి కట్టేదాకా పెళ్లికొడుకు చూపు ఆ చేతిమీదనించి లేవలేదు. చూసేవాళ్లు ఎంత ప్రేమో అనుకున్నారు.

పెళ్లయిన నాలుగో రోజు నా తిరుగు ప్రయాణం. బండి మధ్యాహ్నం. సూర్నారాయణ డ్యూటీలో ఉంటే కొత్తజంట, సరోజ స్టేషనుకి వచ్చారు. పర్సుడీహ్ నించి టాటానగర్ స్టేషను దగ్గరే. రవణ రైల్వే మనిషి కాబట్టి బండి ఆగకముందే ఎక్కి, కిటికీ పక్కన తువ్వాలు వేసి నాకు చోటు పట్టాడు. కూజాలో నీళ్లు నింపి తెచ్చాడు. అన్నీ అయ్యాక కిటికీ దగ్గరకి వచ్చి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, ఒక్క మాట. తెలుగులో రాసేరంట. పేరెక్కడుందో మీరైనా చెప్పండి. అప్పుడే వెలిసిపోతంది. అక్కని అడిగితే నవ్వుతాది. ఆవిడకీ తెలీదు."

"నాకు తెలుసు. మొగ్గలో ఉంది" అంది సరోజ. "ఏ మొగ్గో తెలీదు."

"ఈవిడ చెప్పదు" అన్నాడు మణిని చూపించి. "నా పేరే గదా, ఒకసారి అనమంటే అనదు."

మణి చేతులు చూశాను. వెనకవైపు తీగలు చెదురుగా వెలిసి ఇటుకరంగుకి తిరిగాయి. అరచేతులు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నన్నడుగుతావేటి బాబూ" అన్నాను. "నోటితో అనదు గాని, నీ పెళ్లాం చదవగల్దు."

అతనికి అర్థం కాలేదు. "దీనికి తెలుగు చదవడం రాదు గదా" అన్నాడు. సరోజ కూడా మణి వంక చూసింది. బండి కూత వేసింది. పెట్టె ఒకసారి ఊగి, నెమ్మదిగా కదిలింది. వాళ్లు ముగ్గురూ నాలుగడుగులు కిటికీ వెంట నడిచి ఆగారు. మణి అటూ ఇటూ చూసి, అతని చెయ్యి తీసుకుని, అరచెయ్యి విప్పి, వేలితో అందులో నెమ్మదిగా ఒక గుండ్రం గీసింది. దాని నెత్తిన తలకట్టు పెట్టింది. రెండో అక్షరం మొదలుపెట్టడం చూశాను. అంతలో బండి వేగం అందుకుంది.

పక్కన కూర్చున్న బెంగాలీ ఆవిడ నా మణికట్టు మీది పువ్వు చూసి ఏదో అడిగింది. నాకు ఆ భాష రాదు. చెయ్యి చాచి చూపించాను. ఆమె రెండు చేతులతో పట్టుకుని, వెలుగుకి తిప్పుకుని, ఘాట్‌శిలా వచ్చేదాకా చూస్తూ కూర్చుంది.